సూరత్‌లో తెలుగు నాటకానికి నాలుగు నెలలు: తెలుగు సంఘాలకు, పద్మశాలి సమాజాలకు బహిరంగ లేఖ



దీపావళి సెలవులు ముగిసి, గుజరాతీలు లాభ పంచమి అని పిలుచుకునే కార్తిక శుద్ధ పంచమి నాడు బట్టల మార్కెట్లు మళ్లీ తెరుచుకున్నది మొదలు, ఫాల్గుణంలో హోలీ వచ్చే దాకా గడిచే నాలుగు నెలల పైచిలుకు కాలాన్ని నగరంలోని తెలుగువారి నాటకాల సీజన్‌గా ఏర్పాటు చేసుకోవాలన్నది ఈ లేఖలోని ప్రతిపాదన. సీజన్ అంటే ఇక్కడ మూడు రాత్రుల ఉత్సవమని కాదు. ఒకే ప్రాంతపు ప్రేక్షకులు, ముందుగా ప్రకటించిన వరుసలో, నెలకు ఒకటి చొప్పున నాటకాలు చూడటానికి వీలుగా చేసే ఏర్పాటు అని అర్థం. ఉత్సవానికి చందాలు పోగైతే సరిపోతుంది, సీజన్‌కు మాత్రం వారం వారం రిహార్సల్‌కు వచ్చే నటులు, నెలనెలా తిరిగి వచ్చే ప్రేక్షకులు కావాలి. ఈ తేడాను గుర్తించకుండా పని మొదలుపెడితే, స్వరాష్ట్రం నుంచి ఒక బృందాన్ని రప్పించి, ఒక సినీనటుడికి శాలువా కప్పి, ఫొటోలు దిగి పంపించడంతో ఆ ప్రయత్నం ముగిసిపోతుంది. అలాంటి సభలు జరగకూడదని ఎవరూ అనరు గాని, వాటిని నాటకరంగ సేవగా లెక్కవేసుకోవడం మాత్రం సరికాదు.

నగరంలో తెలుగు ఎక్కడెక్కడ వినిపిస్తుందో కార్యవర్గాల వారికి తెలియనిది కాదు. లింబాయత్, ఉధనా, డిండోలీ, గోడాదరా, పర్వత్ పాటియా పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలా భాగం, చేనేత దెబ్బతిన్న తెలంగాణ పల్లెల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీలవి. షోలాపూర్, భివండీ, సూరత్ ఆ వలసకు మూడు పెద్ద మజిలీలు కాగా, సాంచాలు అని సిరిసిల్ల వైపు పిలిచే మరమగ్గాలే ఆ మూడు ఊళ్లలోనూ వారికి జీవనాధారమయ్యాయి. ఈ వలస రెండు మూడు తరాలు దాటడంతో, పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, మార్కెట్లో గుజరాతీ అలవాటయ్యాయి. సూరత్ నగర ప్రాథమిక విద్యా సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. గుజరాత్‌లోని ఒక నగరపాలక సంస్థ సొంత ఖర్చుతో తెలుగు బడి నడపడం ఎంతో మెచ్చుకోదగిన విషయం. అయితే బడిలో నేర్చిన భాషతో వాదించడానికి, ఒప్పించడానికి, నలుగురి ముందు గొంతెత్తి పలకడానికి పిల్లలకు బడి బయట దొరికే సందర్భాలు బహు తక్కువ. బతుకమ్మ పాట ఆ లోటును కొంత తీరుస్తుంది, కాని అది ఏడాదికి తొమ్మిది రోజుల సందడి మాత్రమే.

పుట్టిన నేలకు దూరంగా, వేరే భాష రాజ్యమేలే చోట తెలుగు నాటకం నిలుస్తుందా అన్న సందేహం సహజంగానే వస్తుంది. తెలుగు నాటక చరిత్రను కొంచెం తిరగేస్తే, ఆ నాటకం పెరిగిందే అలాంటి చోట్ల అని తెలుస్తుంది. 1880లో రాజమహేంద్రవరం వచ్చిన ధార్వాడ నాటక సమాజం వేరే భాషలో ప్రదర్శనలిచ్చి వెళ్లిపోయాక, వారు వేసి విడిచిన పాకలోనే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత తెలుగు నాటకాలు ఆడించారు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, వారి తరువాత బళ్లారి రాఘవ తెలుగు నాటకానికి వన్నె తెచ్చింది, కన్నడం తెలుగు కలగలిసి వినిపించే బళ్లారిలో. ఆ ఊరు నేడు కర్ణాటకలో ఉంది. ఇక రంగుల తెరలు, పక్క తెరలు, యంత్రాల సాయంతో చూపే అద్భుత దృశ్యాలు అనే హంగులన్నీ ఎక్కువగా పార్సీ నాటక కంపెనీల నుంచి తెలుగు రంగస్థలానికి సంక్రమించినవే. ఆ కంపెనీలు నడిపిన పార్సీల ఇంటిభాష గుజరాతీ, వారిలో ఎన్నో కుటుంబాల మూలాలు సూరత్, నవసారి ప్రాంతాలవి. ఆ లెక్కన చూస్తే తెలుగు నాటకం సూరత్‌కు రావడం కొత్త చుట్టరికమేమీ కాదు.

ఈ విషయంలో రెండు ఉదాహరణలను కాస్త నిదానంగా పరిశీలించడం అవసరం. మొదటిది తంజావూరు జిల్లాలోని మేలట్టూరు. తెలుగు పుస్తకాలు మెరట్టూరు అని రాసే ఆ గ్రామంలో ఏటా నృసింహ జయంతి సందర్భంగా భాగవత మేళం జరుగుతుంది. భాగవత మేళమంటే పురాణ కథను పాట, మాట, నృత్యం కలిపి రాత్రంతా ఆడే సంప్రదాయ నాటకం. నాయక రాజుల కాలంలో అక్కడ వేళ్లూనిన ఈ సంప్రదాయానికి మెరట్టూరు వేంకటరామశాస్త్రి రాసిన ప్రహ్లాద చరిత్రము తదితర నాటకాలు ఆధారం కాగా, అవన్నీ తెలుగులోనే ఉన్నాయి. చూసేవారిలో అత్యధికులు తమిళులు. ఆడేవారూ నిత్యజీవితంలో తమిళమే మాట్లాడతారు. ఇన్ని తరాల పాటు అక్కడ తెలుగు నాటకం నిలవడానికి ప్రభుత్వ గ్రాంటు గాని, మహానటుల రాక గాని ప్రధాన కారణం కాదు. తేదీ మారదు, స్థలం మారదు, ఏ కుటుంబం ఏ పాత్ర ధరిస్తుందో ఊరికి తెలుసు, ఆ పాత్ర వేయడం ఇంటి మొక్కుగా భావిస్తారు. ఈ ఏర్పాటులో స్త్రీ పాత్రలనూ పురుషులే ధరిస్తారన్న పరిమితి ఉంది, సూరత్ దాన్ని అనుకరించనవసరం లేదు. తేదీ విషయంలో ఉన్న పట్టుదలను మాత్రం అచ్చంగా తెచ్చుకోవచ్చు.

రెండోది సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యాన కీచక వధతో మొదలైన ఈ కుటుంబ నాటక సమాజం తెలుగువారి గర్వకారణాల్లో ఒకటిగా పేరుపొందింది. అంతగా ఎవరూ తలచుకోని విషయం ఏమిటంటే, ఆ కుటుంబాల పూర్వులు మహారాష్ట్ర నుంచి వలస వచ్చిన మరాఠీ భాషీయులు, తోలుబొమ్మలాట ఆడుకుంటూ తెలుగు పల్లెల్లో తిరిగినవారు. బతుకుతెరువు కోసం వచ్చిన నేల భాషను నేర్చుకుని, ఆ భాషలోనే అందరికన్నా ఎక్కువ కాలం నిలిచిన నాటక సమాజాన్ని వారు నిర్మించారు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించడం మిగతా కంపెనీలకు సాహసంగా తోచిన రోజుల్లో, నాటకమంటే ఇంటిల్లిపాది పని అయిన సురభిలో అది అలవాటుగా సాగిపోయింది. పొద్దున తెరలు కుట్టినవారే రాత్రి వేషం కట్టే ఆ పద్ధతిలో సూరత్ సంఘాలు నేర్చుకోదగినది చాలా ఉంది. పశ్చిమం నుంచి తూర్పుకు వెళ్లిన ఆ కుటుంబాలు ఏం చేయగలిగాయో, తూర్పు నుంచి పశ్చిమానికి వచ్చిన కుటుంబాలకు అది చేతకాదని అనుకోవడానికి కారణం కనబడదు. సముద్రాల కవతల కూడా ఇలాంటిదే జరిగింది. అమెరికాలోని షికాగో నగరంలో వలస కార్మికుల కోసం జేన్ ఆడమ్స్ నడిపిన హల్ హౌస్ అనే సేవాకేంద్రంలో 1903లో గ్రీకు వలసదారులు సోఫొక్లిస్ నాటకం ఏజాక్స్‌ను తమ భాషలోనే ఆడారు.

సీజన్‌కు అసలు అడ్డంకి భాష కన్నా గడియారం దగ్గర ఉంది. సూరత్ మరమగ్గాల షెడ్లలో 12 గంటల షిఫ్టులు సర్వసాధారణం. పొద్దున వెళ్లినవారు రాత్రికి, రాత్రి వెళ్లినవారు పొద్దునకు బయటపడతారు. సాయంత్రం ఏడింటికి నాటకమని కరపత్రం వేస్తే పగటి షిఫ్టు వారు దారిలో ఉంటారు, రాత్రి షిఫ్టు వారు మగ్గం ముందు నిలబడి ఉంటారు, వచ్చి కూర్చునేది దుకాణాలు, ఆఫీసులు ఉన్నవారే. అందుచేత ప్రతి నాటకాన్నీ రెండుసార్లు, ఒక ఆదివారం మధ్యాహ్నం ఒకసారి, షిఫ్టులు మారాక వచ్చే మరో ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఒకసారి ఆడాలని, నిడివి గంటన్నర దాటకూడదని ఈ లేఖ సూచిస్తోంది. రాత్రంతా సాగే పద్యనాటకం మీద ఎంత మమకారం ఉన్నా, మర్నాడు 12 గంటలు నిలబడి పనిచేయవలసిన మనిషి మీద దాన్ని రుద్దడం న్యాయం కాదు. షెడ్డులోని మోత మరో సమస్య. మరమగ్గాల చప్పుడు 90 డెసిబెళ్లకు పైబడి ఉంటుందని, ఏళ్ల తరబడి అందులో పనిచేసినవారికి వినికిడి తగ్గుతుందని వైద్య పరిశీలనలు చెబుతున్నాయి. వేయి మంది పట్టే హాలులో, చెవులు హోరెత్తించే స్పీకర్ల మధ్య ఆడిన నాటకం ఈ ప్రేక్షకులకు సగమే చేరుతుంది. రెండు మూడు వందల మంది కూర్చునే చిన్న హాలులో, నటుల పెదవుల కదలిక కనిపించేంత దగ్గరగా ఆడితే మాట మాటా అందుతుంది.

అందువల్లనే వేదిక ఎంపికలో తొందరపడకూడదు. తాపీ నదికి అవతల పాల్, అడాజణ్ ప్రాంతంలో, సూరత్‌లోనే పుట్టిన నటుడు సంజీవ్ కుమార్ పేరిట మహానగర పాలిక కట్టించిన ఆడిటోరియం ఎంతో బాగుంటుంది. హరిహర్ జరీవాలా అన్న ఆయన అసలు పేరులోనే జరీ పని వినిపిస్తుంది గనక నేతవారికి అక్కడ ఆడాలని ముచ్చట కలగడమూ సహజమే. కాని లింబాయత్ నుంచి పిల్లాపాపలతో ఏరు దాటి వెళ్లి, నాటకం అయ్యాక ఆటో వెతుక్కుని తిరిగి రావడమంటే ఆ రోజు కూలిలో పెద్ద భాగం దారిఖర్చుకే పోతుంది. మొదటి సీజన్ లింబాయత్, ఉధనా జోన్లలోని మహానగర పాలిక కమ్యూనిటీ హాలులోనో, సెలవు రోజున ఖాళీగా ఉండే తెలుగు బడి ఆవరణలోనో జరగాలి. అద్దె తక్కువన్నది చిన్న లాభమే. ఇంటి నుంచి నడిచి రాగలిగిన చోటు అయితేనే నెలనెలా వచ్చే అలవాటు పడుతుందన్నది ముఖ్యం.

ఇక ఏ నాటకాలు ఆడాలన్న ప్రశ్న. మొదటి ప్రదర్శనగా నాటకాన్ని కాక, పటం కథను పెట్టాలని ఈ లేఖ గట్టిగా కోరుతోంది. తెలంగాణలో ఒక్కొక్క కులానికి ఆ కులపురాణం చెప్పే ఆశ్రిత కళాకారులు ఉంటారు. పద్మశాలీలకు కూనపులి వారు అలాంటివారు. పొడవాటి గుడ్డ చుట్టను నిలువుగా వేలాడదీసి, ఒక్కొక్క వరుసను విప్పుకుంటూ, బొమ్మను చూపుతూ, పాడుతూ, మధ్యమధ్య వచనంలో వివరిస్తూ వారు మార్కండేయ పురాణాన్ని, భావనారుషి కథను చెబుతారు. దేవతలకు వస్త్రం నేయడానికి భావనారుషి అవతరించడం, తామరతూడు దారంతో నేత మొదలు కావడం, భద్రావతితో అతని పెళ్లి, అతని పులి వాహనం, ఇవన్నీ ఆ పటంలో వరుసకట్టి ఉంటాయి. పటాన్ని చిత్రించేవారు చేర్యాల నకాషీ కళాకారులు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి, జిగురు పట్టించి, అది ఆరాక ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు వేస్తారు. నేసినవారి గుడ్డ మీదనే నేసినవారి కథను రాసి, దాన్నే తిరిగి వారికి చూపించే ఈ కళ ముందు ఎన్ని విద్యుద్దీపాల హంగులైనా వెలవెలబోతాయి.

కూనపులి వారి ప్రదర్శనకు సూరత్‌లో మరో ప్రాముఖ్యం ఉంది. ఏ ఊరి పద్మశాలి ఇళ్లు ఏ కళాకారుల కుటుంబానికి చెందుతాయో తరతరాలుగా నిర్ణయమై ఉండేది; ఆ ఆనువంశిక హక్కును మిరాశీ అంటారు. నేతవారు ఊళ్లు విడిచి పోవడంతో ఆ మిరాశీ ఇళ్లకు తాళాలు పడ్డాయి, కథ చెప్పేవారికి ఆదరువు పోయింది, విడిచిపోయినవారికి కథ పోయింది. సాధనాశూరులు అనే మరో ఆశ్రిత బృందం పద్మశాలీల ముందు చేసి చూపే గారడీ, సాహస విద్యలకూ ఇదే గతి పట్టింది. సూరత్ సమాజాలు ఏటా ఒక కూనపులి బృందాన్ని పిలిచి, దారిఖర్చులు, సంభావన ముందే నిర్ణయించి, పది రోజులు నగరంలో ఉంచుకుంటే ఈ నగరమే వారి మిరాశీలో ఒక ఊరవుతుంది. ఆ పది రోజుల్లో వారు రాత్రి కథ చెబుతారు, పగలు తెలుగు బడుల పిల్లలకు పటం చూపించి ఒకటి రెండు ఘట్టాలు పాడటం నేర్పుతారు. దీన్ని దానధర్మంగా కాక కళాకారుడి జీతంగా లెక్క రాయడం మర్యాద.

రెండో నెలకు తెలుగు సాంఘిక నాటకం ఒకటి కావాలి. కన్యాశుల్కం పేరు అందరికీ ముందుగా తోస్తుంది. 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శితమై, 1909లో గురజాడ తిరగరాసి ప్రచురించిన ఆ నాటకం తెలుగు సాహిత్యానికి తలమానికం. అయినా మొదటి సీజన్‌కు అది తగదని చెప్పక తప్పదు. పూర్తిగా ఆడితే రాత్రి చాలదు, కుదిస్తే రసం పోతుంది, విజయనగరం మాండలికంలో ఉన్న చమత్కారం కరీంనగర్, వరంగల్ మూలాలున్న సూరత్ కుర్రవాడికి రిహార్సల్‌లో వివరించి చెప్పవలసి వస్తుంది. దానికన్నా కాళ్లకూరి నారాయణరావు వరవిక్రయం మేలు. వరుణ్ణి కట్నానికి అమ్ముకునే దురాచారం మీద రాసిన ఆ నాటకం 1939లో సినిమాగా వచ్చి, భానుమతికి తొలి చిత్రమైంది. పద్యాలు కొన్ని తగ్గించి గంటన్నరలోకి తెస్తే ఇప్పటికీ నిలుస్తుంది. కట్నం సమస్య సూరత్ రైలెక్కాక మాయమైపోలేదన్న సంగతి పెళ్లి మాటలకు కూర్చునే కార్యవర్గ పెద్దలకు మరొకరు చెప్పవలసిన పని లేదు.

సూరత్‌లో ఉంటూ సూరత్ నాటకాన్ని ఎరగకపోవడం పొరుగింటి మీద చిన్నచూపే అవుతుంది. ఈ నగరంలో పుట్టిన నవలరామ్ పండ్యా 1867లో ఫ్రెంచి రచయిత మోలియేర్ ప్రహసనాన్ని గుజరాతీ జీవితానికి మలిచి, వయసు పొంతన లేని పెళ్లిళ్లను ఎగతాళి చేస్తూ భట్ నుం భోపాళుం రాశారు. కన్యాశుల్కం కంటే పాతిక సంవత్సరాల ముందే వచ్చిన ఆ నాటకాన్ని, తరువాత కన్యాశుల్కాన్ని చదివితే రెండు సమాజాలూ ఒకే రోగానికి ఎలా నవ్వును మందుగా వాడాయో బోధపడుతుంది. ఇదే నగరంలో 1901లో పుట్టిన చంద్రవదన్ మెహతా రాసిన ఆగగాడీ, రైల్వే కార్మికుల బతుకును వేదికకెక్కించి ఆధునిక గుజరాతీ నాటకానికి దారి వేసింది. సీజన్‌లో మూడో నాటకంగా ఈ ఆగగాడీకి తెలుగు అనువాదాన్ని ఆడాలి. బొగ్గు, ఆవిరి, పై అధికారి గదమాయింపు, ప్రమాదం పొంచి ఉన్న షిఫ్టు, వీటిని మగ్గం కార్మికుడికి వేరుగా వివరించనక్కరలేదు. గుజరాతీ బడిలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే యువతీయువకులు ఈ నగరంలో వందల్లో ఉన్నారు. అనువాదం హైదరాబాద్‌లోని పండితుడికి పంపకుండా వారిలో ఇద్దరు ముగ్గురికి అప్పగించి, పెద్దల చేత దిద్దించాలి. ప్రదర్శన వేళ గుజరాతీ ప్రేక్షకులనూ ఆహ్వానిస్తే, సొంత నాటకాన్ని పొరుగు భాషలో వినే ముచ్చట వారికీ దక్కుతుంది.

పొరుగు అనగానే ఒడియా కార్మికులు గుర్తుకు రావాలి. సూరత్ మరమగ్గాల మీద పనిచేసే వారిలో గంజాం జిల్లా వారు చాలా ఎక్కువ, ఆ గంజాంలో ప్రహ్లాద నాటకం అనే సంప్రదాయ ప్రదర్శన ఇప్పటికీ సజీవంగా ఉంది. తెలుగు, ఒడియా నేలలు కలిసే జలంతర సంస్థానపు ఆదరణలో అది రూపుదిద్దుకుందని చెబుతారు. మేలట్టూరులో తెలుగులో ఆడే ప్రహ్లాదుడు, గంజాంలో ఒడియాలో ఆడే ప్రహ్లాదుడు ఒకే కథ వారు. నాలుగో నెలలో ఒక రాత్రిని ఒడియా బృందానికి ఇచ్చి, దాని పక్కన తెలుగు బడుల పిల్లల చేత ప్రహ్లాదుడి కథనే చిన్న నాటికగా వేయిస్తే, ఒకే షెడ్డులో పక్కపక్కన నిలబడి పనిచేసే ఇరు భాషల వారు ఒకే హాలులో కూర్చుంటారు. నాటిక అంటే గంటలోపు ముగిసే చిన్న నాటకమని, పరిషత్తు పోటీల వల్ల ఈ రూపం తెలుగులో బాగా పెరిగిందని తెలిసిన విషయమే. 1929లో తెనాలిలో ఏర్పడిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు వంటి సంస్థలు నాటక పోటీలకు బాట వేశాయి. ఆ పోటీల వల్ల మంచి రచనలు వచ్చిన మాట నిజమే గాని, బహుమతి కోసం ఉత్కంఠను, కన్నీటిని కొలిచి పోసే అలవాటూ వచ్చింది. సూరత్ సీజన్‌లో బహుమతులు వద్దని సూచించడానికి కారణం అదే.

పిల్లల నాటిక విషయంలో ఒక చిక్కు ఉంది. తెలుగు మాట్లాడగలిగి తెలుగు చదవలేని పిల్లలు, ముఖ్యంగా గుజరాతీ, ఇంగ్లీషు బడులకు వెళ్లేవారు, పాత్ర ఎలా వల్లిస్తారని పెద్దలు వెనుకాడవచ్చు. తమిళ సంగీత విద్వాంసులు త్యాగరాజ కృతులను తమిళ లిపిలో రాసుకుని పాడుతూ వచ్చారు; సూరత్ పిల్లలు తెలుగు సంభాషణలను గుజరాతీ లిపిలో రాసుకుంటే తప్పేమీ లేదు. భాష నోటికి వచ్చాక లిపి మీద ఆసక్తి కలిగే అవకాశం ఎక్కువ, లిపి రానిదే వేదిక ఎక్కకూడదంటే రెండూ పోతాయి. ఉచ్చారణను దిద్దేవారు ఎవరో ఒక ఊరి యాసను ప్రమాణం చేసి మిగతావాటిని వెక్కిరించకుండా చూడటం కూడా కార్యవర్గాల బాధ్యతే.

సురభి వారిని పిలవాలన్న కోరిక చాలామందిలో ఉంటుంది. మాయాబజార్‌లోని మాయలను, పాతాళభైరవిలోని ఆకాశయానాన్ని తెరల మధ్య చూసినవారు జన్మలో మరచిపోరు. అయితే వారి సామగ్రి, మనుషుల రవాణా ఖర్చు మొత్తం సీజన్ ఖర్చును మించిపోవచ్చు గనక, రెండో ఏడాదికో మూడో ఏడాదికో, షోలాపూర్, భివండీ తెలుగు సంఘాలతో ఖర్చు పంచుకుని, మూడు ఊళ్లలోనూ వరుసగా ప్రదర్శనలు ఏర్పాటు చేయడం వివేకం. బి.వి. కారంత్ సురభి నటులతో చేయించిన బస్తీ దేవత యాదమ్మ, జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రచనకు తెలుగు రూపం. పౌరాణికాలతో పాటు అలాంటిది ఒకటి అడిగి వేయించుకుంటే, ఆ సమాజపు మరో ముఖం కనిపిస్తుంది.

డబ్బు గురించి గుజరాతీ నాటకరంగమే ఒక దారి చూపింది. అక్కడ సామాజిక సంఘాలు, మహిళా మండళ్లు ఒక ప్రదర్శన మొత్తాన్ని ముందుగానే కొనేసి, టికెట్లను సభ్యులకు పంచుతాయి. ఆ పద్ధతి వల్ల నాటకం వారికి తెర లేవక ముందే ఖర్చు గిట్టుబాటవుతుంది. తెలుగు సంఘాలు నగరంలో చాలా ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రదర్శనను కొంటే సీజన్ మొత్తం నిలబడుతుంది. టికెట్ మాత్రం పూర్తిగా ఉచితం కాకూడదు. పది ఇరవై రూపాయలైనా సరే, డబ్బిచ్చి వచ్చిన ప్రేక్షకుడు నాటకం బాగా లేకపోతే అడిగే హక్కు సంపాదించుకుంటాడు. పెద్ద వ్యాపారుల విరాళాలు వచ్చినప్పుడు వారి పేర్లు కరపత్రంలో వేయవచ్చు, నాటకం మధ్యలో ఆపి సన్మానించడం మాత్రం మానుకోవాలి. ఈ ఒక్క నియమాన్ని పాటించినా తెలుగు సభల చరిత్రలో సూరత్ పేరు నిలిచిపోతుంది.

మహిళల విషయం విడిగా చెప్పుకోవలసి ఉంది. ఇళ్లలో కూర్చుని చీరలకు లేసు కుట్టడం, రాళ్లు అతికించడం చేసే స్త్రీలకు ఆ పని మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కొంత తెరిపి ఇస్తుందనుకుంటే, స్త్రీ పాత్రల రిహార్సల్ ఆ వేళకే, ఇళ్ల దగ్గరే పెట్టాలి. రాత్రి పది గంటలకు రిహార్సల్ పెట్టి, ఆడవాళ్లు రావడం లేదని, నటీమణులను బయటి నుంచి కిరాయికి తెచ్చుకోవలసి వస్తోందని వాపోవడం తెలుగు నాటక సంఘాలకు పాత అలవాటు. కోస్తా జిల్లాల్లో కాంట్రాక్టు నాటకాలు అనే పద్ధతి ఒకటి ఉండేది. పేరున్న నటులను తలొక ఊరి నుంచి కిరాయికి కుదిర్చి, కలిసి ఒక్క రిహార్సల్ కూడా చేయకుండానే వేదిక ఎక్కించేవారు. పద్యానికి వన్స్‌మోర్లు మోగేవి, నాటకం మాత్రం కనబడేది కాదు. సూరత్ సీజన్ ఆ దారి తొక్కకూడదంటే పాత్రధారులందరూ ఈ నగరంలో నివసించేవారే అయి ఉండాలి.

చివరగా ఫాల్గుణానికి కొత్త నాటకం ఒకటి మిగులుతుంది, దాన్ని ఇంకా ఎవరూ రాయలేదు. 1994 ప్లేగు రోజుల్లో నగరం ఖాళీ అయిన తీరు, 2006 తాపీ వరదలో నీట మునిగిన వీధులు, 2020 లాక్‌డౌన్‌లో ఆగిపోయిన మగ్గాలు, వీటిని చూసిన మనుషులు లింబాయత్‌లో నేటికీ ఉన్నారు. వారి జ్ఞాపకాలను రికార్డు చేసి, వాటి నుంచి సంభాషణలు తయారు చేసుకునే పనిని ఆరేడుగురు యువకులకు, యువతులకు కార్తికంలోనే అప్పగిస్తే ఫాల్గుణానికి నలభై నిమిషాల నాటిక చేతికి వస్తుంది. తొలి ప్రయత్నంలో తప్పులుంటాయి; పెద్దలు వాటిని దిద్దాలి గాని, కులానికో సంఘానికో చెడ్డపేరు వస్తుందని కత్తిరించకూడదు. యజమానికీ కార్మికుడికీ మధ్య గొడవ వచ్చే దృశ్యం తప్పకుండా వస్తుంది; కార్యవర్గాల్లో ఉభయులూ ఉన్నారు గనక దాన్ని కత్తిరించాలన్న ఒత్తిడీ వస్తుంది.

సంఘాల ముందు ఇప్పుడు ఉన్న పని ఇంత. శ్రావణ పూర్ణిమ నాడు మార్కండేయ పూజకు సమాజం కలుసుకున్నప్పుడు సీజన్ తేదీలను ప్రకటించి, నటించదలచినవారి పేర్లు, వారి షిఫ్టు వేళలతో సహా రాసుకోవాలి. హాలుకు, పోలీసు అనుమతికి దరఖాస్తులు దసరాకు ముందే వెళ్లాలి, ఎందుకంటే దీపావళికి ఆఫీసులు, మార్కెట్లు రెండూ మూతపడతాయి. పుష్యంలో ఉత్తరాయణం వారాన ప్రదర్శన పెట్టకూడదు. ఆ రోజుల్లో సూరత్ జనమంతా గాలిపటాలతో మేడల మీదే ఉంటారు. వరవిక్రయం ప్రతిని కుదించే పని, ఆగగాడీ అనువాదం రెండూ భాద్రపదం లోపు మొదలు కావాలి. చేర్యాల, సిద్దిపేట వైపు బంధువులున్న సభ్యులు ఎవరైనా ఈ వేసవిలో ఊరికి వెళ్లినప్పుడు కూనపులి బృందాన్ని కలిసి, వారికి వీలైన పది రోజులను అడిగి, బయానా ఇచ్చి రావాలి.

ఇట్లు,
నాటకరంగ శ్రేయోభిలాషి